గుత్తాధిపత్యంపై రాజకీయ వ్యంగ్య చిత్రాలు - ఉద్దానం తీరం

పరిశ్రమల గుత్తాధిపత్యాన్ని, ప్రభుత్వాలపై గుత్తాధిపతులకు గల పలుకుబడిని విమర్శిస్తూ గీసే పత్రికా చిత్రాలు రాజకీయ వ్యంగ్య చిత్రాలలో (కార్టూన్లలో) ఒక ముఖ్యమైన శాఖ. ఇవి 19వ శతాబ్దపు చివరి పాదంలో అమెరికాలో బలంగా రూపు దిద్దుకున్నాయి. డబ్బు సంచి ఆకారంలో ఉన్న లావుపాటి మనిషి, శాసనసభను చుట్టేసిన ఆక్టోపస్, తీగలు లాగితే ఆడే తోలుబొమ్మ మంత్రి వంటి బొమ్మలు అప్పటి నుండి ప్రపంచమంతటా పత్రికలలో తిరుగుతున్నాయి. తెలుగు పత్రికలకు కూడా ఇవి పరిచితమే.

ఈ బొమ్మలు ఒక నిజమైన వివాదాన్ని ఎంతవరకు చూపగలవు అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. అందుకు శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పట్టణాలకు సమీపాన, ఉద్దానం తీరం వెంబడి 2008 - 2011 మధ్య నడిచిన రెండు థర్మల్ విద్యుత్ కేంద్రాల వివాదాలను ఉదాహరణగా తీసుకొనడమైనది. ఆ రెండు చోట్లా పోలీసు కాల్పులు జరిగి మనుషులు మరణించారు.

గుత్త అనే మాట

ఆంగ్లంలో ఈ విషయానికి వాడే "మోనోపలీ" అనే మాటకు గ్రీకు మూలంలో "ఒక్కడే అమ్మడం" అని అర్థం. అది అంగడికి సంబంధించిన మాట. తెలుగులో మనం వాడే గుత్తాధిపత్యం వేరే చోటు నుండి వచ్చింది. గుత్త అంటే ఒక మొత్తం చెల్లించి, లేదా చెల్లిస్తామని ఒప్పుకొని, ప్రభువు నుండి పొందిన హక్కు. సారా గుత్త, రేవు గుత్త, చేపల చెరువు గుత్త అనే వాడుకలన్నీ ఇటువంటివే. ఆ హక్కు పొందినవాడు గుత్తేదారు. అంటే తెలుగు మాటలోనే ప్రభుత్వం దాగి ఉంది. ఎవరో ఇస్తేనే గుత్త అవుతుంది. ఈ తేడా తరువాత మనకు పనికి వస్తుంది.

ఉద్దానం ప్రాంతానికి ఇటువంటి గుత్తలు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఈస్టిండియా కంపెనీ ఉప్పుపై గుత్తాధిపత్యం ఏర్పరచుకుంది. టెక్కలికి సమీపాన ఉన్న నౌపడ నేటికీ ఉప్పు మళ్ళకు ప్రసిద్ధి. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో నడిచిన చిన్న రైలు మార్గం పేరు ఆ ఊరిని మ్యాపులలో నిలిపింది. ఇక అడవి విషయానికి వస్తే, మందస జమీందారీలో కలప, వంటచెరకు మీద జమీందారు ఆధిపత్యానికి వ్యతిరేకంగా రైతులు ఉద్యమించారు. 1940 మార్చి చివరలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ తరువాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసులు జరిపిన కాల్పులలో గున్నమ్మ అనే రైతు మహిళ, మరికొందరు మరణించారు. వీర గున్నమ్మగా ఆమెను ఆ ప్రాంతంలో నేటికీ స్మరిస్తారు.

స్వతంత్ర భారతదేశంలో గుత్తాధిపత్యాన్ని పరిశీలించటానికి కేంద్ర ప్రభుత్వం 1964లో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని ఫలితంగా 1969లో గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టం (ఎం.ఆర్.టి.పి. చట్టం) వచ్చింది. 2002 నాటి పోటీ చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది, పాత చట్టం 2009లో రద్దయింది. ఈ చట్టాలు ఒక సంస్థకు ఎంత ఆస్తి ఉంది, మార్కెట్లో ఎంత వాటా ఉంది, ఆ బలాన్ని ఎలా వాడుతోంది అని చూస్తాయి. ఒక ఊరి చెరువు, మేత భూమి ఎవరి చేతికి పోయింది అన్నది వీటి పరిధిలోని ప్రశ్న కాదు.

అమెరికా చిత్రాలు

అంతర్యుద్ధం తరువాత అమెరికాలో రైలు మార్గాలు, చమురు, ఉక్కు, చక్కెర వంటి పరిశ్రమలు కొద్దిమంది చేతులలోకి చేరాయి. అదే కాలంలో రంగుల లితోగ్రాఫు ముద్రణ చవకగా అందుబాటులోకి వచ్చింది. ఈ రెండూ కలిసిన చోట వ్యంగ్య చిత్రం వర్ధిల్లింది. హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ 1871లో న్యూయార్కు నగర రాజకీయాలను శాసించిన విలియం ట్వీడ్ మీద గీసిన బొమ్మలు దీనికి నాంది. వాటిలో ఒకదానిలో ట్వీడ్ తల ఉండవలసిన చోట డాలరు గుర్తు గల డబ్బు సంచి ఉంటుంది. డబ్బు సంచి మనిషి అక్కడి నుండే బయలుదేరాడని చెప్పవచ్చు.

ఉద్దానం కథకు అత్యంత దగ్గరగా వచ్చే చిత్రం మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో పత్రిక "ది వాస్ప్"లో 1882 ఆగష్టులో ప్రచురితమైనది. జి. ఫ్రెడరిక్ కెల్లర్ గీసిన ఆ బొమ్మలో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఒక ఆక్టోపస్. దాని రెండు కళ్ళలో కంపెనీ అధినేతలు లీలాండ్ స్టాన్‌ఫర్డ్, చార్లెస్ క్రాకర్ ముఖాలు కనిపిస్తాయి. దాని చేతులు గోధుమ రైతులను, కలపను, ద్రాక్ష సారాయిని, గనులను పట్టుకొని ఉంటాయి. చిత్రంలో ఒక మూల శ్మశానం ఉంటుంది. అది మసెల్ స్లూ అనే చోట చనిపోయినవారిది.

మసెల్ స్లూ కాలిఫోర్నియాలోని ఒక లోతట్టు ప్రాంతం. రైల్వేకు ప్రభుత్వం దానంగా ఇచ్చిన భూములలో రైతులు స్థిరపడి కాలువలు తవ్వి సాగు చేసారు. తక్కువ ధరకే భూమి తమకు దక్కుతుందని వారు కంపెనీ కరపత్రాలను బట్టి నమ్మారు. తీరా భూమి సాగులోకి వచ్చాక కంపెనీ చాలా ఎక్కువ ధర అడిగింది. కోర్టులు కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చాయి. 1880 మే 11న రైతులను ఖాళీ చేయించటానికి అధికారి వచ్చినపుడు కాల్పులు జరిగి ఏడుగురు మరణించారు. ఫ్రాంక్ నోరిస్ 1901లో రాసిన "ది ఆక్టోపస్" అనే నవలకు ఈ సంఘటనే ఆధారం.

కెల్లర్ బొమ్మ శక్తిమంతమైనదనటంలో సందేహం లేదు. కాని దానిని చూసిన పాఠకునికి ఒక మాట తెలియదు: ఆ భూమి రైల్వేకు ఎలా వచ్చింది? సర్కారు ఇస్తే వచ్చింది. బొమ్మలో సర్కారు లేదు. ఆక్టోపస్ సముద్రంలో నుండి దానంతట అదే లేచి వచ్చినట్లు ఉంటుంది.

ఈ లోపాన్ని పూరించిన చిత్రం ఏడేళ్ళ తరువాత వచ్చింది. "పక్" పత్రిక 1889 జనవరి సంచికలో జోసెఫ్ కెప్లర్ గీసిన "సెనేటు యజమానులు" అనే చిత్రమిది. సెనేటు సభలో సభ్యులు చిన్నపిల్లల పరిమాణంలో కూర్చుని ఉంటారు. వారి వెనుక గోడ పొడవునా ఉక్కు, రాగి, చమురు, చక్కెర, తగరం, బొగ్గు ట్రస్టులు డబ్బు సంచుల ఆకారంలో భారీగా నిలబడి ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో ఈ బొమ్మను ముద్రించినపుడు ఆ సంచులనే ఎత్తి చూపుతారు. అసలు చూడవలసినవి తలుపులు. ఒక పక్క గుత్తాధిపతులు వచ్చే తలుపు బార్లా తెరిచి ఉంది. పైన గ్యాలరీలో ప్రజల ప్రవేశ ద్వారానికి గడియ వేసి, మూసివేసినట్లు పలక తగిలించి ఉంది. ఆనాడు సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకొనేవారు కాదు, రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకొనేవి. కనుక మూసిన తలుపు కవి కల్పన కాదు, రాజ్యాంగంలో ఉన్న ఏర్పాటే. 1913లో 17వ సవరణ ద్వారా ప్రత్యక్ష ఎన్నిక వచ్చింది.

జోసెఫ్ కెప్లర్ కుమారుడు ఉడో కెప్లర్ 1904లో అదే పత్రికలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని మళ్ళీ ఆక్టోపస్‌గా గీసాడు. దాని చేతులు చట్టసభ భవనాన్ని చుట్టివేసి, ఒకటి శ్వేతసౌధం వైపు సాగుతూ ఉంటుంది. తండ్రి బొమ్మ కంటే ఇది ఎక్కువ ప్రసిద్ధి పొందింది. తండ్రి బొమ్మే మెరుగైనది.

ఇటువంటి చిత్రాల వల్లనే ట్రస్టులు కూలిపోయాయని కొన్నిచోట్ల రాస్తారు. అది అతిశయోక్తి. గుత్తాధిపత్య నిరోధానికి షెర్మన్ చట్టం 1890లో వచ్చినా, సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టమన్నది 1911లో. ఆ మధ్యకాలంలో ఐడా టార్బెల్ 1902 నుండి 1904 వరకు ఆ కంపెనీ పత్రాలను, కోర్టు సాక్ష్యాలను తవ్వి వ్యాసపరంపర రాసింది. బొమ్మ కోపాన్ని ఒకచోట చేర్చింది, పత్రం దానికి ఆధారం ఇచ్చింది.

ఉద్దానం తీరం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాట నుండి ఈ పేరు వచ్చినదని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ప్రధాన పంటలు. పలాస జీడిపప్పు పరిశ్రమకు కేంద్రం. ఈ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి దీర్ఘకాలంగా ప్రబలి ఉంది, దాని కారణం నిర్ధారణ కాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి లక్షలాది కొబ్బరి, జీడి చెట్లను కూల్చివేసింది.

ఈ తీరంలో తోటలకు, సముద్రానికి నడుమ లోతట్టు నేలలు ఉన్నాయి. సోంపేట వైపు వాటిని బీల అంటారు. దక్షిణాన టెక్కలి, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. వానాకాలంలో నీరు నిలిచి, తరువాత మెల్లగా సముద్రానికి పోతుంది. ఆ నీటితో చుట్టూ పొలాలు తడుస్తాయి, చేపలు దొరుకుతాయి, పశువులు మేస్తాయి. వలస పక్షులు కూడా వస్తాయి. టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. అవి ఆహారానికి ఆధారపడేది నౌపడ, కాకరాపల్లి తంపర నేలల మీదనే.

రెవెన్యూ లెక్కలలో మాత్రం ఇటువంటి నేల ప్రభుత్వ భూమి. పట్టా లేదు, శిస్తు లేదు. వివాదానికి మూలం ఇదే.

సోంపేట

2003 నాటి విద్యుత్ చట్టం థర్మల్ విద్యుత్ ఉత్పత్తికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. దానితో ప్రైవేటు సంస్థలు తీరప్రాంతాలలో బొగ్గు ఆధారిత కేంద్రాలు ప్రతిపాదించటం మొదలుపెట్టాయి. ఆంధ్ర తీరంలో శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఇటువంటి ప్రతిపాదనలు అనేకం వచ్చాయి. సముద్రపు నీరు, రైలు మార్గం, జాతీయ రహదారి, చవకగా ప్రభుత్వ భూమి - ఈ నాలుగూ ఒకచోట దొరకటం అందుకు కారణం.

సోంపేట మండలంలో బారువ సమీపాన 2,640 మెగావాట్ల కేంద్రాన్ని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రతిపాదించింది. ఇది ప్రభుత్వ నిర్మాణ పనులు చేస్తూ ఎదిగిన హైదరాబాదు సంస్థ. అంటే అసలైన అర్థంలో గుత్తేదారు. వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 2008లో, 1107 నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా సుమారు 970 ఎకరాల బీల భూమిని కేటాయించారు. దాని తరువాతి నంబరు, 1108, కాకరాపల్లి భూములది. పక్కపక్క అంకెలతో రెండు చిత్తడి నేలలు చేతులు మారాయి.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం ఇటువంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. సోంపేటలో అది 2009 ఆగష్టులో జరిగింది. హాజరైన రైతులు, మత్స్యకారులు ప్రాజెక్టును తీవ్రంగా వ్యతిరేకించారు. అయినా ఆ సంవత్సరం డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి మంజూరు చేసింది. పర్యావరణ పరిరక్షణ సంఘం నాయకత్వంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ ఈ స్థలం బంజరు కాదని, చిత్తడి నేల అని వాదిస్తూ లేఖలు రాసాడు. అనుమతిపై జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ముందు అప్పీళ్ళు దాఖలయ్యాయి.

2010 జూలై 14న కంపెనీ పోలీసు బందోబస్తుతో పనులు మొదలుపెట్టబోగా వేలాది మంది అడ్డుకున్నారు. పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు, పలువురు గాయపడ్డారు. అప్పుడు ముఖ్యమంత్రి కె. రోశయ్య. అదే రోజున ఢిల్లీలో అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. తన వద్దకు వచ్చిన అప్పీళ్ళలో అధికభాగం తోసిపుచ్చిన సంస్థగా దానికి పేరు. మరి మూడు నెలలకు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడి, ఆ సంస్థ కనుమరుగైంది.

సోంపేట బీలలో ఆ తరువాత థర్మల్ కేంద్రం నిర్మాణం జరగలేదు.

కాకరాపల్లి

సంతబొమ్మాళి మండలంలోని కాకరాపల్లి తంపరలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే సంస్థ భావనపాడు థర్మల్ కేంద్రం పేరుతో మరో 2,640 మెగావాట్లు ప్రతిపాదించింది. 1108 ఉత్తర్వు ద్వారా కేటాయించిన భూమి రెండు వేల ఎకరాలకు పైమాటే. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కేంద్ర నిపుణుల సంఘం తరపున స్థలాన్ని చూసిన పక్షిశాస్త్రవేత్త అసద్ రహమానీ ఇది తగిన చోటు కాదని స్పష్టంగా నివేదించాడు. అయినా 2009 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. అంటే సమాచారం లేక పొరపాటు జరిగిందని అనటానికి వీలులేదు.

వడ్డితాండ్ర, ఆకాశలక్కవరం, హనుమంతునాయుడుపేట తదితర గ్రామాల ప్రజలు దీక్షలు చేసారు. మిట్ట చేసి ప్లాంటు కడితే వాననీరు తమ ఊళ్ళ మీదకు తిరుగుతుందని, చేపల వేట పోతుందని వారి భయం. సోంపేట సంఘటన జరిగి ఎనిమిది నెలలు నిండకుండానే, 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర వద్ద కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. ఇళ్ళు తగలబడ్డాయి. ముఖ్యమంత్రి మారాడు (ఎన్. కిరణ్ కుమార్ రెడ్డి), కంపెనీ వేరు, మండలం వేరు, జరిగిన తీరు ఒక్కటే. కొద్ది రోజులకే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపివేయమన్నది. తరువాత షరతులతో కొంత పని సాగినా కేంద్రం పూర్తి కాలేదు.

బొమ్మకు అందినవి, అందనివి

ఈ రెండు వివాదాలను పైన చెప్పిన చిత్రాల పక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు తేటపడతాయి.

మొదటిది, ఇక్కడ ఆక్టోపస్ లేదు. రెండు సంస్థలలో ఏదీ రాష్ట్ర విద్యుత్ మార్కెట్‌ను శాసించే స్థితిలో లేదు. స్టాండర్డ్ ఆయిల్‌తో పోల్చటం హాస్యాస్పదం. విద్యుత్తుకు సంబంధించి చట్టం పోటీనే కోరింది, పోటీయే వచ్చింది కూడా. గుత్త ఏర్పడింది మార్కెట్లో కాదు, నేల మీద. నిన్నటి వరకు పలు గ్రామాలు పంచుకున్న నీటిని, మేతను ఒకే సంస్థ చేతికి అప్పగించే హక్కు ప్రభుత్వానికి ఉంది, ఆ హక్కును అది వాడింది. అందువలన ఉద్దానం విషయంలో ఆంగ్లపు మోనోపలీ కంటే మన గుత్త అనే మాటే సరిపోతుంది.

రెండవది, ఈ వ్యవహారంలో నిర్ణయాత్మకమైన పని అంతా కాగితాల మీద జరిగింది. నీరున్న నేలను బంజరు అని రాయటం ఒక కాగితం. భూమి కేటాయింపు ఒక కాగితం. అందరూ వద్దన్న సభను "ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది" అని నమోదు చేయటం మరో కాగితం. నిపుణుడు వద్దన్నా ఇచ్చిన అనుమతి ఇంకొకటి. తీగలు లాగే లావుపాటి మనిషిని గీస్తే ఇవేవీ కనపడవు. లంచం ఇచ్చి ఉంటారులే అన్న ఊహ పాఠకునికి తృప్తినిస్తుంది, కాని రేపు ఎక్కడ అడ్డుపడాలో చెప్పదు. చట్టప్రకారం జరిగిందని ఎవరైనా సమర్థించగల పని లంచం కంటే ప్రమాదకరం కావచ్చు.

కెప్లర్ 1889లో గీసిన తలుపు ఇక్కడ సరిగ్గా అమరుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ ఉద్దానం ప్రజల ప్రవేశ ద్వారం. దానికి గడియ వేయలేదు. తెరిచే ఉంచారు, లోపలికి రానిచ్చారు, మైకు ఇచ్చారు, చెప్పింది రాసుకున్నారు. ఆ గదికి నిర్ణయం జరిగే గదితో సంబంధం లేదు, అంతే. తలుపు తెరిచి ఉండి దారి మూసి ఉండటం - దీన్ని గీయగలిగితే అది 1889 నాటి బొమ్మను దాటిన బొమ్మ అవుతుంది.

మూడవది ముఖాల సమస్య. 1880లలో వాండర్‌బిల్ట్, జే గూల్డ్ ముఖాలు అమెరికా పత్రికా పాఠకులకు సుపరిచితం. బెర్నార్డ్ గిలమ్ 1883లో వారిని కార్మికుల భుజాలు మోస్తున్న తెప్ప మీద కూర్చున్నట్లు గీస్తే పేర్లు రాయకుండానే గుర్తుపట్టేవారు. 2010లో ఆంధ్రప్రదేశ్ పాఠకునికి ముఖ్యమంత్రి ముఖం తెలుసు, కంపెనీ అధ్యక్షుని ముఖం తెలియదు. ముఖం తెలియని వాడిని వ్యంగ్య చిత్రకారుడు గీయలేడు. అందువలన విమర్శ అంతా మంత్రుల మీదకు మళ్ళుతుంది, ఎన్నికలలో మంత్రులు మారతారు, కంపెనీ మారదు. బీలకు అసలే ముఖం లేదు.

తెలుగు పత్రికలలో

తొలి తెలుగు వ్యంగ్య చిత్రకారునిగా పేరొందిన తలిశెట్టి రామారావు (1906 - 1947) జయపురంలో జన్మించాడు. ఉద్దానం నుండి తూర్పు కనుమలు దాటితే వచ్చే ఊరది. ఆయన చిత్రాలు భారతి పత్రికలో వచ్చాయి. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటారు. రాజకీయ చిత్రం దినపత్రికలలో నిత్యావసరంగా మారింది మాత్రం 1970ల తరువాతనే. ఈనాడు 1974లో విశాఖపట్నం నుండి మొదలై ఇతర పట్టణాలకు విస్తరించటంతో జిల్లా పాఠకులు పెరిగారు, వారితోపాటే మొదటి పేజీ చిన్న కార్టూనూ పెరిగింది. శ్రీధర్, మోహన్, శేఖర్ వంటివారు ఈ కాలంలో ప్రసిద్ధులయ్యారు. వారిలో మోహన్ (మరణం 2017) పత్రికలలోనే కాక ప్రజాసంఘాల పోస్టర్లకు, పుస్తకాల అట్టలకు కూడా విరివిగా బొమ్మలు గీసాడు.

తెలుగు చిత్రాలలో పెట్టుబడిదారుడు మొదట పొడుగు టోపీ, చుట్టతో అమెరికా నుండి వచ్చినవాడే. తరువాత సఫారీ సూటు వేసుకున్నాడు, చేతికి సూట్‌కేసు వచ్చింది. ఆ సూట్‌కేసు ఎంతగా అలవాటైపోయిందంటే, దాన్ని గీస్తే చాలు ఇక ఏమీ చెప్పనక్కరలేదు. అదే దాని బలహీనత. కుర్చీ, సూట్‌కేసు, తోలుబొమ్మ - ఈ మూడింటితో ఏ రోజు వార్తకైనా బొమ్మ గీయవచ్చు, ఏ రోజు వార్తకూ అది ప్రత్యేకం కాదు.

పత్రికా యాజమాన్యం ప్రశ్న కూడా ఉంది. తెలుగులో ప్రధాన దినపత్రికలు ఇతర వ్యాపారాలు, లేదా రాజకీయ అనుబంధాలు గల కుటుంబాల చేతిలో ఉన్నాయన్నది బహిరంగమే. ఒక పత్రికలో వచ్చే పదునైన బొమ్మ ఎదుటి పక్షం మీదనే వస్తుందన్నది పాఠకుల అనుభవం. ఉద్దానంలో భూమి కేటాయింపు ఒక ముఖ్యమంత్రి హయాంలో, మొదటి కాల్పులు మరొకరి హయాంలో, రెండవ కాల్పులు ఇంకొకరి హయాంలో జరిగాయి. ఒక్కరి మీద బాణం వేస్తే మిగతా ఇద్దరూ తప్పించుకుంటారు.

ఉత్తరాంధ్రలో రాజకీయ వ్యంగ్యానికి బొమ్మ కంటే పాట పెద్ద వాహనం అని కూడా గుర్తుంచుకోవాలి. పలాస సమీపంలోని బొడ్డపాడు కేంద్రంగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో జముకుల కథను రాజకీయ ప్రచారానికి వాడాడు. వంగపండు ప్రసాదరావు (మరణం 2020) పాటలు ఈ జిల్లాలలో సభలన్నింటా వినిపించేవి. చదువు రానివారికి పత్రికా చిత్రం చేరదు, పాట చేరుతుంది. అయితే పాట ఆ ఊరి సభలో మిగిలిపోతుంది, బొమ్మ హైదరాబాదులో సచివాలయం బల్ల మీదకు పొద్దుటే చేరుతుంది.

చట్టాల అడ్డు

గుత్తాధిపతులను, వారి రాజకీయ మిత్రులను గీసినవారికి చట్టం తగలటం పాత కథే. కాలిఫోర్నియా 1899లోనూ, పెన్సిల్వేనియా 1903లోనూ వ్యంగ్య చిత్రాలను నియంత్రించే చట్టాలు చేసాయి. పెన్సిల్వేనియా ప్రతిపాదనలో మనుషులను జంతువులుగా, పక్షులుగా గీయరాదని ఉండటంతో, వాల్ట్ మెక్‌డూగల్ అనే చిత్రకారుడు నాయకులను చెట్లుగా, కూరగాయలుగా, గవర్నరును బీరు గ్లాసుగా గీసాడు. ఆ చట్టం 1907లో రద్దయింది.

భారతదేశంలో వ్యంగ్య చిత్రాలకు ప్రత్యేక చట్టం లేదు. పరువునష్టం, సమాచార సాంకేతిక చట్టం వంటివి వాడతారు. అవినీతిపై గీసిన బొమ్మలకు అసీం త్రివేదిని 2012 సెప్టెంబరులో రాజద్రోహ ఆరోపణతో ముంబైలో అరెస్టు చేసారు, విమర్శలు రావటంతో ఆ ఆరోపణను ప్రభుత్వం ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం కలకత్తాలో ఒక ఆచార్యుడు ముఖ్యమంత్రిపై వ్యంగ్య చిత్రాన్ని ఈ-మెయిల్ ద్వారా పంపినందుకు అరెస్టయ్యాడు, కేసు నుండి ఆయన బయటపడింది 2023లో. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది.

కంపెనీలకు రాజద్రోహ చట్టం అక్కరలేదు. భారీ మొత్తానికి పరువునష్టం దావా నోటీసు చాలు. రుజువు లేని సూట్‌కేసును గీసిన చిత్రకారునికి ఆ నోటీసుకు జవాబు చెప్పటం కష్టం. 1107, 1108 అంకెలను, వాటి కింద బీల నీటిని, తంపర పక్షులను గీసినవాని మీద అటువంటి దావా నిలవటం కష్టం, ఎందుకంటే ఆ అంకెలు ప్రభుత్వమే అచ్చు వేసినవి.